మన ఇంటి కింద బండ



2024 డిసెంబర్ 4వ తేదీ ఉదయం ఏడున్నర కావస్తుండగా మీరేం చేస్తున్నారో జ్ఞాపకం ఉందా? ఆ వేళప్పుడు మనం ఇంకెక్కడుంటాము, వంటింట్లోనే గదా! ఒక పక్క పిల్లల టిఫిన్ డబ్బాలు, ఒక పక్క కుక్కరు కూత. సరిగ్గా 7 గంటల 27 నిమిషాలకు భూమి కదిలింది. హైదరాబాదులో కొందరికి తెలిసింది, కొందరికి తెలియనే లేదు. స్టాండులో గిన్నెలు గలగలమంటే పిల్లి దూరిందనుకున్నవారు గూడా ఉండే ఉంటారు.

ఆ భూకంపం పుట్టింది ఇక్కడ కాదు, ములుగు జిల్లాలో. తీవ్రత 5.3. తిన్నగా కొలిస్తే అది మనకు రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరం. అయినా ఆ తర్వాత కొన్నాళ్లపాటు మా ఉప్పల్ వైపు ఆడవాళ్లు నలుగురు కలిసినచోట ఇదే మాట. "మన కింద కూడా అలాంటి పగులేమైనా ఉందంటారా?" అని.

ఉన్నదండీ. ఒకటి కాదు, లెక్కలేనన్ని ఉన్నాయి. అవి లేకపోతే మన బోర్లలో చుక్క నీరు ఉండదు. ఈ వేళ మీతో ఆ సంగతే ముచ్చటిద్దామని వచ్చాను.

ఉప్పల్ నుంచి తార్నాక వైపు మెట్రో రైల్లో వెళ్తుంటే స్టేడియం దాటాక ఎన్.జి.ఆర్.ఐ. అని ఒక స్టేషను వస్తుంది. రోజూ ఆ పేరు వింటాము, ఆ మూడు నాలుగు అక్షరాల వెనక ఏమున్నదో పట్టించుకోము. జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ అది. 1961లో ఏర్పడింది. డాక్టరుగారు స్టెతస్కోపు పెట్టి గుండె చప్పుడు విన్నట్లు, నేలను కొయ్యకుండానే లోపల ఏమున్నదో తెలుసుకోవటం అక్కడివారి పని. దేశంలో ఎక్కడ భూమి కదిలినా అక్కడి యంత్రాలు గుర్తిస్తాయి. మన గుమ్మం ముందే ఇంత పెద్ద సంస్థ పెట్టుకొని, మన కింద ఏమున్నదో తెలియదంటే ఎలా చెప్పండి?

ముందు పగులు అంటే ఏమిటో చూద్దాము. ఇంటి గోడ నెర్రె ఇచ్చిందనుకోండి, అది పగులు. ఆ నెర్రెకు ఒక పక్క గోడ అంగుళం కిందికి దిగిందనుకోండి, అప్పుడు మేస్త్రీని పిలుస్తాము. భూమిలో ఆ రెండో రకం పగులునే, అంటే ఒక పక్క జరిగిపోయిన పగులునే, పుస్తకాల్లో భ్రంశం అంటారు. ఇంగ్లీషులో ఫాల్ట్ అంటారు. భూకంపాలు పుట్టేది ఇలాంటి చోట్లే.

మన తెలుగునాట ఇలాంటి భ్రంశాల్లో పెద్దవి గోదావరి లోయలో ఉన్నాయి. మైసూర్‌పాక్ పళ్లెంలో పోశాక కత్తితో రెండు గాట్లు పెట్టండి. నిలువుగా కాదు, రెండూ లోపలికి వాలేట్టు, ఏటవాలుగా. మధ్యముక్క పైన వెడల్పుగా, కింద సన్నగా ఉంటుంది. ఇప్పుడు అటు ముక్కనూ ఇటు ముక్కనూ కాస్త ఎడంగా లాగితే మధ్యముక్క దానంతటదే కిందికి జారుతుంది. గోదావరి లోయ సరిగ్గా అలా జారిన ముక్క. ఆదిలాబాద్ వైపునుంచి రామగుండం, ములుగు, భద్రాచలం మీదుగా కోస్తా దాకా పొడుగునా అటొక పగులు, ఇటొక పగులు, మధ్య దిగిపోయిన నేల. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర వచ్చిన భూకంపం తీవ్రత 5.7. మొన్నటి ములుగు భూకంపం గూడా ఆ లోయదే.

మన పిల్లలు ఉద్యోగాలకని వెళ్లే కాలిఫోర్నియాలో ఇలాంటిదే మరొక లోయ ఉన్నది. డెత్ వ్యాలీ అంటారు, మృత్యులోయ అన్నమాట. అది ఉత్త ఎడారి. ఏడాది మొత్తానికి రెండంగుళాల వాన పడితే గొప్ప. అక్కడ గూడా భ్రంశాల మధ్య నేల కిందికి దిగింది. ఎంతగా దిగిందంటే, బ్యాడ్‌వాటర్ అనే చోట నేల సముద్రమట్టానికి 86 మీటర్లు దిగువన ఉన్నది. ఇంకా దిగుతూనే ఉన్నది. 1913 జూలై 10న అక్కడ నమోదైన వేడి 56.7 డిగ్రీలు. మన మే నెల ఎండలకే మనం అల్లాడిపోతాము గదా! అక్కడికి చేరిన నీరు బయటికి పోయే దారి లేక ఎండకు ఇగిరిపోయి, మైళ్ల తరబడి ఉప్పు మిగిలింది. చిత్రమేమిటంటే అంతటి ఎడారిలోనూ ఫర్నేస్ క్రీక్ అనే చోట మంచినీటి ఊటలున్నాయి. ఖర్జూరపు చెట్లు గూడా పెంచారు. ఆ ఊటలు పైకి వచ్చేది ఎక్కడినుంచి అనుకున్నారు? భ్రంశం వెంబడే. పగులున్నచోటే నీటికి దారి.

మన గోదావరి లోయకు ఆ గతి పట్టలేదు. సుమారు 25, 30 కోట్ల ఏళ్ల కిందట ఆ లోయ దిగుతూ ఉంటే, అడవులు, బురద, ఇసుక అందులో పొరలు పొరలుగా పేరుకొని, అడవి కాస్తా బొగ్గయింది. లోయ దిగిపోయి దాచిపెట్టింది కాబట్టి ఆ బొగ్గు మనకు దక్కింది. 1871లో డాక్టర్ కింగ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు ఇల్లెందు దగ్గర దాన్ని కనుగొన్నాడు. అదే సింగరేణి బొగ్గు. మిక్సీలో పచ్చడి రుబ్బుతున్నప్పుడు ఆ కరెంటు వెనక ఒక పగులు లోయ ఉన్నదని ఎవరికి గుర్తొస్తుంది? భద్రాచలం యాత్రకు వెళ్లినవారు గుండాల దగ్గర గోదావరి ఇసుకలో చెలమ తవ్వి వేడినీళ్లు చూసే ఉంటారు. లోతున వేడెక్కిన నీరు పైకి వచ్చే దారి గూడా ఆ పగుళ్లే.

ఇక మన ఇంటికి వద్దాము. ఉప్పల్, నాచారం, హబ్సిగూడ, మౌలాలి, ఈ చుట్టుపక్కలంతా ఒకటే బండ. గ్రానైటు. దాని వయస్సు దాదాపు 250 కోట్ల సంవత్సరాలు. హిమాలయాలు దాని ముందు పసిపిల్లలు, వాటికి అయిదు కోట్ల ఏళ్లే. ఈ బండ ఒకప్పుడు భూమి లోపల ఎంతో లోతున కరిగిన పాకంలా ఉండి, నెమ్మదిగా చల్లారి గట్టిపడింది. చేతిలోకి ఒక ముక్క తీసుకొని చూడండి. గులాబీ రంగుగానో తెల్లగానో ఉన్న పలుకులు, మధ్యలో గాజుపెంకుల్లా మెరిసేవి, అక్కడక్కడ నల్లని అభ్రకం రేకులు. పాకం నిదానంగా ఆరితేనే పలుకు పెద్దదవుతుంది. పటికబెల్లం తయారుచేసేవారిని అడగండి, వారూ ఆ మాటే చెబుతారు.

నాచారం నుంచి చూస్తే మౌలాలి గుట్ట కనబడుతుంది. మెట్లెక్కిపోతున్నప్పుడు దర్గాను చూస్తాము, ఊరిని చూస్తాము, కాళ్ల కింది బండను మాత్రం చూడము. ఈసారి చూడండి. ఉల్లిపాయ పొరల్లా బండ పెచ్చులుగా ఊడి ఉంటుంది. పైనున్న బరువు కోట్ల సంవత్సరాలుగా వానకు, గాలికి కొట్టుకుపోగా, అణగి ఉన్న బండ ఊపిరి పీల్చుకున్నట్లు ఉబ్బుతుంది. ఉబ్బి పొరలుగా పగులుతుంది. ఇవి అడ్డ పగుళ్లు. నిలువు పగుళ్లు వేరే ఉన్నాయి. ఈ రెండూ కలిసి బండను దిమ్మెలుగా కోస్తాయి. దిమ్మెల మూలలు వాననీటికి అరిగి గుండ్రంగా అవుతాయి. ఒకదాని మీద ఒకటి నిలబెట్టినట్లు కనబడే ఆ గుండ్లను రాక్షసులు పేర్చారని మన చిన్నప్పుడు చెప్పేవారు. ఏ రాక్షసుడూ పేర్చలేదు. ఉన్నచోటనే అరిగి అలా మిగిలాయి.

గుట్ట మీద కనబడేదే మన ప్లాటు కింద గూడా ఉన్నది. పైన అయిదారు అడుగుల మట్టి. దాని కింద మొరం, అంటే బండ కుళ్లి మెత్తబడ్డ పొర. పూర్వం గిలకబావులు తవ్విందంతా ఈ మొరంలోనే. ముప్పై నలభై అడుగుల్లో నీళ్లు ఉండేవి. మొరం కింద పగుళ్లబండ. దాని కింద పగుళ్లు లేని గట్టిబండ. ఒక గిన్నెలో గులకరాళ్లు నింపి నీళ్లు పోస్తే సందుల్లో నిలుస్తాయి. ఆ గిన్నె అడుగులో మాత్రం నీళ్లు ఉండవు గదా. గట్టిబండ ఆ గిన్నె అడుగు. దాని ఒంట్లో నీరుండదు, ఉండేదల్లా పైనున్న మొరంలోను, పగుళ్లలోను.

మా వీధిలో జరిగిన సంగతి ఒకటి చెబుతాను. ఒకరింట్లో నూట ఎనభై అడుగుల్లో నీళ్లు పడి ఏడాది పొడుగునా పోస్తున్నాయి. ప్రహరీగోడ అవతలి ఇంట్లో ఎనిమిది వందల అడుగులు దింపారు, బూడిద తప్ప ఏమీ రాలేదు. వాళ్లు ఆగలేదు. రెండో బోరు వేశారు, అదీ అంతే. మూడోదానికి ఆ ఇల్లాలి గాజులు బ్యాంకుకు వెళ్లాయి. వారాల లెక్కా చూశారు, గుమ్మం దిక్కూ చూశారు. ఆవిడ నాతో అన్న మాట ఇది: "వదినా, వాళ్లింటి అదృష్టం గోడ దాటి రావటానికి ఇష్టపడటం లేదు."

అదృష్టం కాదండీ, పగులు. నిలువు పగులు గోడకు అవతల దిగితే అవతలివారికి నీళ్లు పడతాయి, ఇవతలివారి బోరు గట్టిబండలోకి పోతుంది. మరొక సంగతి గూడా ఉన్నది. ఈ గ్రానైటులో అక్కడక్కడ నల్లరాయి గోడలా అడ్డంగా పోతూ ఉంటుంది. ఎప్పుడో పగుళ్లలోకి కింది నుంచి లావా ఎగదన్ని గడ్డకట్టిన రాయి అది. దాన్ని డైకు అంటారు. కొన్నిచోట్ల అది నీటికి ఆనకట్టలా అడ్డం పడుతుంది. ఒక పక్క నిండుగా ఉంటుంది, రెండో పక్క ఎండుగా ఉంటుంది.

మరి, "ఇంకో రెండు వందల అడుగులు దింపుదామమ్మా, తప్పకుండా పడతాయి" అనే మాట! బోరు బండి దగ్గర నిలబడ్డ ప్రతి ఆడదీ విన్న మాటే. అడుగుకు ఇంత అని తీసుకునేవారు ఆ మాట అనటంలో ఆశ్చర్యం లేదు. కాని నగరానికి దక్షిణాన మహేశ్వరంలో మన భూభౌతిక సంస్థవారూ ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞులూ కలిసి ఏళ్లతరబడి ఇలాంటి గ్రానైటులోనే నీటి పరిశోధన చేశారు. నీళ్లు పారే పగుళ్లలో ఎక్కువ భాగం పైనున్న నూరు, నూటయాభై అడుగుల లోపలే ఉన్నాయని తేల్చారు. లోతుకు పోయినకొద్దీ పగుళ్లు తగ్గుతాయి, ఉన్నవి గూడా పైబరువుకు నొక్కుకుపోతాయి. ఏడెనిమిది వందల అడుగుల్లో నీళ్లు అసలు పడవని కాదు, పడ్డ ఇళ్లూ ఉన్నాయి. అది లాటరీ టిక్కెట్టు లాంటిది. గాజులు తాకట్టు పెట్టి లాటరీ టిక్కెట్టు కొంటామా?

బోరు వేయక ముందు నీళ్లు చూడటమనే ఆచారం ఉన్నది. కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకొని నడిచేవారు, వేపపుల్ల పట్టుకొని తిరిగేవారు మీకూ తెలుసు. వారిమీద నాకు కోపం లేదు. మొరంలో దాదాపు ఎక్కడ తవ్వినా వెనకటి రోజుల్లో కాసిని నీళ్లు పడేవి కాబట్టి వారి మాట నిలిచింది. ఆరో శతాబ్దంలోనే వరాహమిహిరుడు బృహత్సంహితలో భూమి కింది నీటికి ఒక అధ్యాయమే కేటాయించాడు. మనిషి ఒంట్లో రక్తనాళాల్లా భూమిలో నీటి సిరలు ఉంటాయంటాడు. చెట్టునుబట్టి, పుట్టనుబట్టి గుర్తించమంటాడు. నీటి సిర అన్నమాట నాకు ఎంతో నచ్చింది, మన గ్రానైటు పగులుకు అంతకంటె మంచి పేరు దొరకదు. అయితే కాలనీల్లో చెట్టేదీ, పుట్టేదీ? ఇప్పుడు చేసేది, భూమిలో నాలుగు ఇనుపకడ్డీలు దిగగొట్టి కరెంటు పంపి చూడటం. తడిసిన పగులులో కరెంటు సులభంగా పోతుంది, పొడిబండలో పోదు. దానికయ్యే ఖర్చు ఒక బోరు ఖర్చులో చిన్న భాగం. నీళ్లు తప్పక పడతాయని అదీ హామీ ఇవ్వదు గాని, గట్టిబండ ఎక్కడ మొదలవుతుందో చెబుతుంది. ఎక్కడ ఆపాలో తెలియటమే సగం లాభం.

భూకంపం మాట మరిచిపోలేదు లెండి. గోదావరి లోయతో పోలిస్తే మనది నిలకడ నేల. అసలు కదలదని మాత్రం కాదు. 1983 జూన్ నెలాఖరున మేడ్చల్ వైపు పుట్టిన కదలిక నగరమంతా తెలిసింది. 2020 అక్టోబరులో బోరబండలో పెద్ద చప్పుళ్లతో నేల అదిరి జనం రోడ్ల మీదికి వచ్చారు. అవి చాలా చిన్నవి. వానలు బాగా పడి నీరు పగుళ్లలోకి దిగినప్పుడు ఆ ఒత్తిడికి బండ సర్దుకుంటుందని శాస్త్రజ్ఞులు అంటారు. మనుషుల్ని చంపేది చాలాసార్లు భూమి కాదు, కట్టిన కట్టడం. 1993 సెప్టెంబర్ 30 తెల్లవారుజామున లాతూరు జిల్లా కిల్లారిలో దాదాపు పదివేలమంది పోయారు. రాళ్లు, మట్టి పేర్చి కట్టిన మందపాటి గోడలు నిద్రపోతున్నవారి మీద పడ్డాయి. గ్రానైటు మీద పునాది పడ్డ ఇల్లు అదృష్టవంతురాలు. చెరువు పూడ్చిన మట్టి మీద కట్టినదానికి ఊపు ఎక్కువ. ప్లాటు కొనేముందు అది చెరువు శిఖమా కాదా అని వాకబు చేయాల్సింది వాన కోసమే కాదు, ఇందుకోసం గూడా. వాన సంగతి 2020 అక్టోబరులో ఉప్పల్, రామంతాపూర్ చెరువుల చుట్టుపట్ల కాలనీలవారు చూడనే చూశారు.

ఆ చెరువులు ఉన్నది ఎందుకు? నీరు నిలిచి, మొరంలోకి ఇంకి, పగుళ్లలోకి దిగటానికి. 2004 నుంచి కృష్ణా నీళ్లు, 2015 నుంచి గోదావరి నీళ్లు నగరానికి వస్తున్నాయి గనుక చెరువును మరిచిపోయాము. ఎండాకాలం ట్యాంకరు కోసం బిందెలతో నిలబడ్డప్పుడు గుర్తుకొస్తుంది. చెరువు మన చేతిలో లేదు, డాబా ఉన్నది. లెక్క చూడండి. హైదరాబాదులో ఏడాదికి సుమారు 80 సెంటీమీటర్ల వాన పడుతుంది. మీ డాబా వంద చదరపు మీటర్లయితే దానిమీద పడే నీళ్లు 80 వేల లీటర్లు. అయిదువేల లీటర్ల ట్యాంకర్లు పదహారు! అందులో సగం పట్టుకున్నా ఎనిమిది. మనం చేస్తున్నదేమిటంటే, పదహారు ట్యాంకర్లను గొట్టంలోంచి రోడ్డు మీదికి వదిలి, మళ్లీ ట్యాంకరుకు ఫోను చేయటం.

నాలుగడుగుల పొడవు, వెడల్పు, ఆరడుగుల లోతు గొయ్యి చాలు. అడుగున పెద్దరాళ్లు, పైన కంకర, ఆ పైన దొడ్డు ఇసుక. డాబా గొట్టాన్ని అందులోకి తిప్పాలి. మొదటి వాన నీళ్లు దుమ్ముతో ఉంటాయి, వాటిని బయటికి పోనివ్వండి. సెప్టిక్ ట్యాంకుకు దూరంగా తవ్వండి. వాకిలి కడిగిన సబ్బునీళ్లు, ఫినాయిలు నీళ్లు ఎట్టి పరిస్థితిలోనూ అందులోకి పోకూడదు. పగులు నీటిని వడపోయదు, మోస్తుంది. ఏది పోస్తే అది తిన్నగా మీ పక్కింటి బోరుకు చేరుతుంది. కార్ఖానాల పక్కన బోర్లున్నవారు ఈ కారణానికే ఏడాదికొకసారైనా నీళ్లు పరీక్ష చేయించుకోవాలి. కార్ఖానా లేకపోయినా ఫ్లోరైడు కోసం చేయించాలి. అది గ్రానైటు లోపలి ఖనిజాల్లోంచే వస్తుంది, నీరు బండలో ఎక్కువకాలం నిలిచిందంటే ఎక్కువగా దిగుతుంది. లోతు బోర్లలో అందుకే భయం. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే తాగరాదు. నల్లగొండ ఊళ్లలో వంగిపోయిన కాళ్లు, గారపట్టిన పళ్లు చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు. కాచితే పోతుందనుకునేరు! కాచితే నీరు ఇగిరి ఫ్లోరైడు ఇంకా చిక్కబడుతుంది.

చివరగా ఒక చిన్న పని. బోరు వేయించక తప్పదనుకుంటే, 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం ముందు అనుమతి తీసుకోండి. వేసే రోజున కుర్చీ వేసుకొని ఒక నోటుపుస్తకంతో అక్కడే కూర్చోండి. ఎన్ని అడుగులకు మట్టి అయిపోయింది, ఎన్నింటికి మొరం పోయి పొడి రంగు మారింది, ఎన్నో అడుగులో పొడి తడిసింది, ఎక్కడ మళ్లీ ఆరిపోయింది, అన్నీ రాయండి. ఆ కాగితాన్ని ఇంటి దస్తావేజులతో పాటు బీరువాలో పెట్టండి. పక్క ప్లాటువారు బోరు వేయబోయే రోజున దాన్ని వారికి చూపించండి.